‘నల్’ చేసిన నేరమెంత?

‘ఇక్కడ విలువ లేదు’ అని చెప్పే నల్‌ను తిట్టుకోని ప్రోగ్రామర్ అరుదు. ఆ తిట్లకు దారి చూపింది దాన్ని తెచ్చిపెట్టిన టోనీ హోరే. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషకు రిఫరెన్సులు రూపొందిస్తూ, ఏ రిఫరెన్సులోనైనా నల్ ఉండవచ్చని ఆయన అనుమతించారు. అమలు చేయడం మరీ తేలిక కావడంతో నల్‌ను పెట్టేయాలన్న ఆశను ఆపుకోలేకపోయానని 2009లో లండన్ సభలో చెబుతూ, దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నారు. మాట ప్రసిద్ధికెక్కింది కానీ, నింద పడాల్సిన చోట పడలేదు. లేమికి గుర్తు అంతకుముందే ఉంది. 1958లో మొదలైన లిస్ప్‌లో నిల్ లేకపోతే జాబితా ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. తప్పు ఆ గుర్తుది కాదు. అది ఎక్కడ రావచ్చో, ఎక్కడ రాకూడదో చెప్పే వీలు టైపుకు లేకుండా చేయడమే తప్పు. అలాంటి భాషలో ‘ఖాతాదారు’ అని టైపు రాసిన ప్రతిచోటా ‘ఉంటే గనక’ అన్నది ప్రోగ్రామరే గుర్తుపెట్టుకోవాలి. ఒక్కచోట మరిచినా నడుస్తున్న ప్రోగ్రామ్ కూలిపోవచ్చు.

కూలిపోవడమే నయమనిపించే సందర్భాలూ ఉన్నాయి. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం సున్నాను సున్నాతో భాగిస్తే నాన్, అంటే ‘సంఖ్య కాదు’ అనే గుర్తు, వస్తుంది. అది తనతో తానే సమానం కాదు, లెక్క ఆగదు, చెల్లని ఫలితం మాత్రం చివరిదాకా పాకుతుంది. ఎస్‌క్యూఎల్‌లో నల్‌ను నల్‌తో పోలిస్తే అవునూ కాదు, కాదూ కాదు, ‘తెలియదు’ అని వస్తుంది. అందుకే ‘నాట్ ఇన్’ జాబితాలో ఒక్క నల్ దూరినా ఒక్క వరుసా తిరిగి రాదు, ఎర్రర్ కూడా రాదు.

ఎంఎల్ భాషలోని ఆప్షన్, హాస్కెల్‌లోని మేబీ వేరే దారి పట్టాయి. విలువ లేకపోవచ్చన్న సంగతి టైపులోనే కనిపిస్తుంది, రెండు సందర్భాలనూ చూడకుండా విలువను నేరుగా వాడబోతే కంపైలర్ ఒప్పుకోదు. స్విఫ్ట్, రస్ట్, కాట్లిన్ తమ తమ పద్ధతుల్లో ఇదే బాట పట్టాయి. ఇది అదనపు చాకిరీ అనేవారున్నారు. కానీ ఆ తనిఖీ ఎప్పుడూ చేయాల్సిందే, ఇన్నాళ్లూ ఎగ్గొట్టగలిగాం, అంతే. అంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి: ఫోన్ నంబరు అసలు లేదా, ఎవరూ అడగలేదా అన్నది ఆప్షన్ చెప్పదు. నిజమే. రిలేషనల్ డేటాబేసులకు ఆద్యుడైన కాడ్ కూడా ‘తెలియనిది’, ‘వర్తించనిది’ అని రెండు గుర్తులు కావాలన్నారు. అయితే ఈ భాషల్లో కారణాలను వేర్వేరుగా చూపే టైపును మనమే కట్టుకోవచ్చు, విఫలమైన పనికి కారణం మోసే రిజల్ట్ రస్ట్‌లో ఉండనే ఉంది. ఇబ్బందల్లా ఆలస్యంగా మేల్కొన్న భాషలతోనే. 2014లో జావా 8 ఆప్షనల్‌ను తెచ్చింది కానీ పాత అనుమతిని ఎత్తేయలేదు. కాబట్టి ఆ ఆప్షనల్ ఉండాల్సిన చోట కూడా నల్ ఉండొచ్చు.