సన్నగీత, గుండ్రని కొస, వాలు: ఒక ఇటాలిక్ రకంపై పరిశీలన

1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ వర్జిల్ కావ్యాలను అచ్చువేసినప్పుడు పాఠమంతా వాలు అక్షరాల్లోనే, అంటే ఇటాలిక్‌లోనే కూర్చారు. పెద్ద అక్షరాలు మాత్రం నిటారుగా ఉండిపోయాయి. ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఆ అచ్చులకు మూలం నాటి పండితుల చేతిరాత. సెరిఫ్, అంటే గీత కొసన ఉండే చిన్న అడ్డగీత, లేని అక్షరానికి అలాంటి వెనుకటి చేతిరాత లేదు. 1816లో నాలుగో విలియం కాస్లన్ నమూనా పుస్తకంలో కనబడిన ఆ రకానికి తర్వాత చేరిన ఇటాలిక్ చాలాసార్లు నిటారు అక్షరాన్ని పక్కకు వంచినదే. గీత సన్నగా, కొస గుండ్రంగా ఉన్నచోట ఆ వంపు చేసే హాని దాగదు.

సమాన మందంతో గీసిన ‘ఓ’ అనే లాటిన్ అక్షరాన్ని కంప్యూటరులో 12 డిగ్రీలు వాల్చి చూడండి. కుడి పైమూల, ఎడమ కింది మూల గీత సుమారు 11 శాతం లావెక్కుతుంది; మిగతా రెండు మూలల్లో 10 శాతం దాకా పలచబడుతుంది. అర్ధవృత్తంగా ఉన్న గీత కొస కోడిగుడ్డు కొసలా సాగుతుంది. బొద్దు అక్షరంలో కన్ను దీన్ని క్షమిస్తుంది, సన్నని అక్షరంలో క్షమించదు. కాబట్టి వాల్చాక ప్రతి వంపునూ చేత్తో సరిదిద్దాల్సిందే. ఈ పనికి దగ్గరిదారి లేదు.

వాడుకను తేల్చేది సైజే. వెయ్యి యూనిట్ల చట్రంలో గీత మందం 50 యూనిట్లు అనుకుంటే, 12 పిక్సెళ్ల సైజులో అది 0.6 పిక్సెల్. గుండ్రని కొస అక్కడ కనబడే ప్రశ్నే లేదు. 40 పిక్సెళ్లకు పెంచితే రెండు పిక్సెళ్లు. అప్పుడు మెత్తదనం తెలుస్తుంది. అందువల్ల శీర్షికలకు, ఆహ్వానపత్రికలకు, బొమ్మ కింద పెద్దగా వేసే ఒక్క వాక్యానికి సన్నని గుండ్రని ఇటాలిక్ నప్పుతుంది. పుటలకొద్దీ పాఠానికి పనికిరాదు. 1979లో ఫోక్స్‌వాగన్ కోసం రూపొందిన, గుండ్రని కొసల వీఏజీ రౌండెడ్ ఫాంట్ తర్వాత ఆపిల్ కీబోర్డు మీటల మీద చాలా ఏళ్లు నిలిచింది; అక్కడ చదవాల్సింది ఒక్కో అక్షరమే. వెర్నన్ ఆడమ్స్ మొదలుపెట్టగా జాక్ లె బైయీ విస్తరించిన న్యూనిటో అనే గుండ్రని కొసల ఫాంట్‌లో సన్నని ఇటాలిక్ కూడా ఉచితంగా దొరుకుతుంది.

తెలుగు సంగతి మరింత చిక్కు. మన అక్షరం పుట్టుకతోనే గుండ్రం, కాబట్టి గుండ్రని కొస దానికి పరాయిది కాదు. వాలు మాత్రం పరాయిదే. ‘స్త్రీ’ని అదే 12 డిగ్రీలు వాల్చండి. అక్షరం నిలిచే ఆధార గీతకు 700 యూనిట్ల ఎత్తున ఉన్న గుడిదీర్ఘం 149 యూనిట్లు కుడికి జరుగుతుంది. 300 యూనిట్ల లోతున ఉన్న తవత్తు 64 యూనిట్లు ఎడమకు పోతుంది. రెండింటి మధ్య ఎడం 213 యూనిట్లు, అంటే సైజులో అయిదో వంతుకు పైనే. గుడిదీర్ఘం తర్వాతి అక్షరం మీద వాలుతుంది, ఒత్తు ముందు అక్షరం కిందికి చేరుతుంది. ఒత్తు ఎవరిదో కన్ను తడుముకుంటుంది. తలకట్టుకూ ఇదే గతి: కుడి చెయ్యి చదునవుతుంది, ఎడమ చెయ్యి నిలువెక్కుతుంది, టిక్కు ఆకారం పోతుంది.

నా దృష్టిలో తెలుగుకు సన్నని గుండ్రని ఇటాలిక్ గీయదలచినవారు పని మొదలుపెట్టాల్సింది అ, ఆ వంటి అచ్చుల దగ్గర కాదు. ముందు ఒత్తులను వాలు నుంచి విడిగా తీసి, ఒక్కోదాన్ని దాని హల్లు కిందికి తిరిగి జరపాలి. ఆ తర్వాతే తలకట్టు కోణం తేల్చాలి.