రెండు ఊటలు, ఒక రోజు ప్రయాణం

మిడ్‌లాండ్‌లోనో ఒడెస్సాలోనో ప్రాజెక్టు పడ్డ మనవాళ్ళందరికీ మొదటి నెలలోనే ఒక సందేహం వస్తుంది. "ఈ ఎడారిలో శని, ఆదివారాలు ఎక్కడికని పోవాలి?" పడమటి టెక్సాస్ సంగతి తెలిసిందే కదా. ఎటు చూసినా బల్లపరుపు నేల, తుప్పలు, పొద్దస్తమానం తలలూపే చమురు పంపులు. ఎవరు అడిగినా నేను చెప్పే జవాబు ఒకటే, బాల్‌మొరే స్టేట్ పార్క్. తిన్నగా వెళ్తే రెండు గంటల దారి. పొద్దున వెళ్ళి రాత్రి భోజనాలకి ఇంటికి రావచ్చు.

కాకపోతే తిన్నగా వెళ్ళొద్దంటాను. కాస్త చుట్టు తిరిగి, ముందు ఫోర్ట్ స్టాక్టన్ అనే ఊరు చూసి, తర్వాత బాల్‌మొరే వెళ్ళండి. మొదటిది ఎండిపోయిన ఊట, రెండోది పారుతున్న ఊట. రెంటికీ మధ్య దూరం యాభై మైళ్ళు. ఒకటి ఎందుకు పోయిందో తెలిస్తే, రెండోదాంట్లో దిగి ఈదుతున్నప్పుడు ఆ నీళ్ళ విలువ తెలుస్తుంది.

ముందు బాల్‌మొరే సంగతి. పేరు వింటే ఏ స్పానిష్ మాటో అనిపిస్తుంది కానీ, కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ భూములు అమ్మిన బాల్కమ్, మూర్, రే అనే ముగ్గురి పేర్లు ముక్కలు చేసి అతికించారు. (మన రియల్ ఎస్టేట్ వాళ్ళకేమీ తీసిపోరు.) అక్కడి ఊటకి మాత్రం అంతకన్నా పాత పేరుంది, శాన్ సొలొమన్. మెస్కలెరో అపాచీలు ఆ నీళ్ళు తాగారు. పంతొమ్మిదో శతాబ్దంలో మెక్సికన్ రైతులు చేత్తో కాలువలు తవ్వి ఆ నీళ్ళతో పంటలు పండించారు. 1854లో దగ్గర్లో ఫోర్ట్ డేవిస్ సైనిక స్థావరం వచ్చాక వాళ్ళ పంటకి బేరం కుదిరింది.

ఇప్పుడు మనం ఈదే కొలను 1930ల నాటిది. మహా మాంద్యం రోజుల్లో పనిలేని కుర్రాళ్ళ కోసం రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం పెట్టింది. నెలకి 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పంపించాలి. ఆ కుర్రాళ్ళే ఇక్కడి సున్నపురాయితో ఊట చుట్టూ గట్టు కట్టారు, పచ్చి ఇటుకలు చేసి గదులు కట్టారు. కొలను వైశాల్యం 1.3 ఎకరాలు, లోతు కొన్నిచోట్ల 25 అడుగులు. పార్క్ వాళ్ళ లెక్క ప్రకారం కొలనులో పట్టేది 35 లక్షల గ్యాలన్లు, అడుగునుంచి రోజూ ఊరేది 1.5 కోట్ల గ్యాలన్లు. అంటే రోజుకి నాలుగుసార్లు నీళ్ళు మారిపోతున్నట్టు లెక్క! అందుకే క్లోరిన్ కలపరు. ఎండాకాలమైనా చలికాలమైనా నీళ్ళు 72 నుంచి 76 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యే ఉంటాయి. కొలను దాటిన నీళ్ళు కాలువల్లోకి, అక్కణ్ణించి పొలాల్లోకి పోతాయి.

మహానంది వెళ్ళినవాళ్ళకి ఇదంతా కొత్తగా అనిపించదు. కోనేట్లో వేసిన నాణెం అడుగున కనబడేంత తేటనీళ్ళు, ఆ నీళ్ళే బయటికెళ్ళి అరటితోటలు తడపడం, అదే ఏర్పాటు. గుడి ఒక్కటే తక్కువ.

ఇక ఫోర్ట్ స్టాక్టన్. అక్కడున్నవి కోమంచే ఊటలు. ఒకప్పుడు శాన్ సొలొమన్ కన్నా పెద్దవి, రోజుకి 3 కోట్ల గ్యాలన్లకి పైగా పారేవి. ఉత్తరాన మైదానాల నుంచి మెక్సికో మీదికి దాడులకి వెళ్ళే కోమంచేలకి ఇది మజిలీ. శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో పోయే బళ్ళు ఇక్కడే ఆగేవి. 1859లో సైన్యం ఇక్కడ శిబిరం వేసిందీ ఈ నీళ్ళ కోసమే. ఆ తర్వాత రైతులు వచ్చి కాలువలు తవ్వుకున్నారు, ఆరువేల ఎకరాల దాకా సాగయ్యేది. 1930ల్లో ఇక్కడ కూడా ఈత కొలను కట్టుకుని, ఏటా నీళ్ళ పండగ చేసుకోవడం మొదలుపెట్టారు.

1940ల చివర్లో, 1950ల మొదట్లో ఊరికి పడమర పక్క భూముల్లో కొందరు లోతైన బావులు తవ్వి పెద్ద పంపులు బిగించారు. వాళ్ళలో ముఖ్యుడు క్లేటన్ విలియమ్స్ అనే ఆసామి. వాళ్ళు తోడుతున్నకొద్దీ ఇక్కడ ఊట తగ్గిపోయింది. సరిగ్గా అప్పుడే టెక్సాస్‌ని ఏళ్ళ తరబడి కరువు పట్టింది. కాలువల కింది రైతుల సంఘం కోర్టుకెక్కింది. మా నీళ్ళు తరతరాలుగా పారుతున్నవి, పైన వాళ్ళు తోడేస్తే మేమెలా బతకాలి అన్నారు. 1954లో ఎల్ పాసో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. రైతులు ఓడిపోయారు. 1961 నాటికి ఊటలు పూర్తిగా ఆగిపోయాయి.

కోర్టు అలా ఎందుకు చెప్పిందో తెలియాలంటే ఇంకో యాభై ఏళ్ళు వెనక్కి పోవాలి. టెక్సాస్‌లోని డెనిసన్ ఊళ్ళో ఈస్ట్ అనే ఆయనకి ఇంట్లో చిన్న బావి ఉండేది, లోతు 33 అడుగులు. పక్కనే రైల్వే కంపెనీ 66 అడుగుల లోతు, 20 అడుగుల వెడల్పు బావి తవ్వి, ఇంజన్ల కోసం రోజుకి 25,000 గ్యాలన్లు తోడింది. ఈస్ట్ గారి బావి ఎండింది. 1904లో టెక్సాస్ సుప్రీం కోర్టు రైల్వేదే రైటంది. నేల కింద నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయో మనిషికి అంతుపట్టని రహస్యం, దానిమీద హక్కులు తేల్చడం సాధ్యం కాదు కాబట్టి ఎవరి భూమిలో వాళ్ళు ఎంతైనా తోడుకోవచ్చు అన్నది వాళ్ళ వాదన. దీనికి ఆధారంగా చూపించిన వాటిలో 1843 నాటి ఇంగ్లాండు తీర్పు ఒకటి. అక్కడ బొగ్గుగని తవ్వితే పక్కన నూలుమిల్లు బావి ఎండిపోయింది, కోర్టు గనివాళ్ళ పక్షం వహించింది.

ఆ ఇంగ్లీషు న్యాయం ఓడెక్కి అమెరికా వచ్చినట్టే మన దేశానికీ వచ్చింది. 1882 నాటి ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్టులో, నిర్దిష్టమైన ప్రవాహం లేని భూగర్భ జలం ఆ భూమి సొంతదారు వాడుకోవచ్చని రాసుంది. కపిలలతో తోడుకున్నన్నాళ్ళు ఆ సూత్రంతో ఎవరికీ పేచీ రాలేదు. ఎద్దులు ఎంత లాగితే అంతే కదా నీళ్ళు! కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక సూత్రం అదే, తోడే బలం వేరు. అనంతపురం జిల్లాలో పెన్న ఇసకలోంచి నీళ్ళు తెచ్చే ఊటకాలువలు ఎట్లా పోయాయో, దిగుడుబావులు కంపచెట్లకి ఎట్లా వదిలేశారో సీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పక్కవాడు మూడొందల అడుగులు వేస్తే మనం ఐదొందలు, వాడు మళ్ళీ ఎనిమిదొందలు. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాల్టా చట్టం తెచ్చి బోర్లకి అనుమతి, బావికీ బావికీ మధ్య దూరం అంటూ నియమాలు పెట్టింది. అప్పటికే ఎన్నో బావులు ఎండిపోయాయి.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, అందరూ ఒకే డేటాబేసులోంచి తీస్తున్నారు, తాళం లేదు. ఎవడు ముందు తీస్తే వాడిదే. అందులో ఎవడూ దొంగ కాడు, అందరూ రూల్ ప్రకారమే చేస్తున్నారు. అదే చిక్కు.

టెక్సాస్‌లో ఆ 1904 సూత్రాన్ని 1999లో సుప్రీం కోర్టు మళ్ళీ నిలబెట్టింది. 2012లో ఇంకో అడుగు వేసి, నేల కింద ఉన్న నీరు కూడా భూస్వామి ఆస్తే అంది. భూగర్భ జలాల జిల్లా సంస్థలు ఉన్నాయి, అనుమతులు ఇస్తాయి, కానీ వాటి చేతులకి ఇవి బంధాలు. 2009లో క్లేటన్ విలియమ్స్ కొడుకు (1990లో గవర్నరు పదవికి పోటీ చేసి ఓడినాయన), పొలాలకి తోడే నీళ్ళని గొట్టాలేసి మిడ్‌లాండ్, ఒడెస్సా వైపు అమ్ముకుంటామని అనుమతి అడిగాడు. 2011లో స్థానిక సంస్థ కాదంది, చాలా ఏళ్ళు కోర్టుల్లో నలిగాక 2017లో రాజీ కుదిరింది.

మరి బాల్‌మొరే ఎలా బతికింది? చట్టం కాపాడిందని చెప్పలేం. శాన్ సొలొమన్ నీళ్ళలో కొంత డేవిస్ కొండల మీద పడ్డ వాన, మిగతాది పడమర వాన్ హార్న్ వైపు నుంచి నేల కింద డజన్ల మైళ్ళు నడిచొచ్చే పాత నీరు. ఆ దారిలో ఫోర్ట్ స్టాక్టన్‌లో తోడినంత ఎవరూ తోడలేదు, అంతే. దగ్గర్లోనే ఉన్న ఫాంటమ్ లేక్ ఊటకి ఆ పాటి అదృష్టం కూడా లేదు. 2000 ప్రాంతంలో తనంత తాను పారడం ఆగిపోతే, అందులో చేపల కోసం పంపు పెట్టాల్సొచ్చింది. 2016లో అపాచీ అనే చమురు కంపెనీ బాల్‌మొరే చుట్టుపక్కల పెద్ద నిక్షేపం దొరికిందని ప్రకటించింది. పార్క్ కింద తవ్వమని మాటిచ్చినా, ఊట సంగతేమిటని జనం కంగారుపడ్డారు. అనుకున్నంత గిట్టుబాటు కాక 2020 నాటికి ఆ కంపెనీయే వెనక్కి తగ్గింది. ఊటని ఈసారి కాపాడింది మార్కెట్ ధరలు!

చేపలన్నాను కదా. కొలనులో, పక్క కాలువల్లో రెండంగుళాల చేప ఒకటి కనిపిస్తుంది. పేరు కోమంచే స్ప్రింగ్స్ పప్‌ఫిష్. మొదట 1853లో దీన్ని వర్ణించింది ఫోర్ట్ స్టాక్టన్ ఊటలో దొరికినవాటిని చూసే. అక్కడ నీళ్ళతోపాటు అదీ పోయింది, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద బాల్‌మొరే చుట్టుపక్కలే మిగిలింది. మన ఇంటిపేర్ల లాంటిదే దాని పేరు కూడా. పేరులో ఊరుంటుంది, ఆ ఊళ్ళో మనవాళ్ళెవరూ ఉండరు.

ఇక ప్రయాణం ప్లాను. పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరి మొనాహన్స్ దాకా ఐ-20, అక్కడ దక్షిణానికి తిరిగి 18 నంబరు రోడ్డు. చమురు లారీలతో జాగ్రత్త. ఎనిమిదిన్నరకి ఫోర్ట్ స్టాక్టన్. అందరూ రోడ్‌రన్నర్ పక్షి బొమ్మ దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోతారు, మీరు మటుకు కోమంచే ఊటల దగ్గర ఓ అరగంట ఆగండి. పిల్లలకి అక్కడే కథంతా చెప్పేయండి, తర్వాత నీళ్ళు కనబడితే ఎవరూ వినరు. ఐ-10 మీద పడమరకి గంట లోపే బాల్‌మొరే. వారాంతాల్లో జనం ఎక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోండి. శుభ్రం చేయడానికీ మరమ్మతులకీ కొలను మూసే రోజులుంటాయి, 2018లో గట్టు కింద కూలి దాదాపు పది నెలలు మూశారు. బయల్దేరేముందు చూసుకోవడం మంచిది. నీళ్ళలోకి పాత చెప్పులు తీసుకెళ్ళండి, రాళ్ళు జారతాయి. దగ్గర్లో మన నోటికి పట్టే హోటళ్ళేం ఉండవు, పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళడమే. సాయంత్రం పేకోస్ మీదుగా వెనక్కి రావచ్చు.

ఇంకో మాట. వీలైతే ఒకసారి జనవరి, ఫిబ్రవరిల్లో కూడా వెళ్ళండి. పొలాలకి నీళ్ళు అక్కర్లేని ఆ రోజుల్లో పంపులు ఆపుతారు. 1986 నుంచి కొన్ని చలికాలాల్లో ఫోర్ట్ స్టాక్టన్ ఊట మళ్ళీ పారింది. కొన్ని వారాలే. మళ్ళీ పంపులు వేయగానే ఆగిపోతుంది. అది చూసిన ఊరి పెద్దవాళ్ళు కొందరు, పంపులు కాస్త తగ్గిస్తే ఊటని ఏడాది పొడుగునా పారించవచ్చని ఇప్పటికీ వాదిస్తున్నారు. నేల కింద నీరు అంతుపట్టని రహస్యమన్న 1904 నాటి మాట పట్టుకుని ఆ వాదనని తోసెయ్యడం ఇప్పుడు అంత తేలిక కాదు. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎవరు తోడితే ఎక్కడ తగ్గుతున్నాయో ఇవాళ లెక్కలేసి చెప్పగలం.