తొలి షాట్‌గన్ ఎంపిక (మెయ్‌నూత్)

మెయ్‌నూత్ ఐర్లాండ్‌లోని కిల్డేర్ కౌంటీలో ఒక విశ్వవిద్యాలయ పట్టణం. క్రీడ కోసం షాట్‌గన్ కొనాలనుకునే ఇక్కడివారికి 1925 నాటి ఆయుధాల చట్టమే మొదటి మెట్టు. మనిషికి ఒక్కటే అనుమతి చాలదు, ఒక్కో తుపాకీకి విడిగా ధ్రువపత్రం కావాలి. కాబట్టి ముందు తుపాకీని ఎంచుకుని, దాని వివరాలతో గార్డా పోలీసులకు దరఖాస్తు పెట్టాలి. కనీస వయసు 16 ఏళ్లు. పత్రం మూడేళ్లు చెల్లుతుంది.

ఈ క్రీడలో గురి 110 మిల్లీమీటర్ల 'మట్టి' పళ్లెం. మట్టి అన్నది పేరుకే. నిజానికది సున్నపురాయి పొడి, తారు కలిపి పోసినది. కొత్తవారికి ఒకదానిపై ఒకటి గొట్టాలున్న 12 బోర్ తుపాకీ మేలు: మధ్యకు విరిచి పడితే ఖాళీగా ఉందో లేదో పక్కవారికీ కనిపిస్తుంది. బరువు సుమారు మూడున్నర కిలోలు. మరీ తేలికైతే భుజం నొప్పి తప్పదు.

అసలు పరీక్ష కొలతది. కళ్లు మూసుకుని తుపాకీని భుజానికి ఎత్తి, చెంప ఆనించి కళ్లు తెరవాలి. గొట్టం మీది పట్టీ కంటికి సూటిగా కనిపించకపోతే అది మీ తుపాకీ కాదు. కొలత కుదిరిన పాత తుపాకీ, కుదరని ఖరీదైన కొత్తదానికన్నా నయం.