రెండుసార్లు కూలిన పందిరి

బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్లి దాటి నంది కొండల దాకా పరుచుకున్న ఎర్రమట్టి నేల ఒకనాడు ద్రాక్ష పందిళ్ల రాజ్యం. రాతి కూసాలు పాతి, ఇనుప తీగలు లాగి, వాటి మీదికి మొక్కను పాకించేవారు. మిట్ట మధ్యాహ్నమైనా పందిరి కింద చల్లగా ఉండేది. ఆ నీడలో నల్లని గుత్తులు వేలాడేవి. తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడే ఈ ఊళ్లను దాదాపు నూటయాభై ఏళ్లు ఆదుకున్న ఆ పండు పేరు బెంగళూరు బ్లూ.

తోలు మందం, గింజ పెద్దది. వేళ్లతో నొక్కితే చాలు, కండ తోలును వదిలి జారి నోట్లో పడుతుంది. తీపి వెంటే పులుపు తగులుతుంది. ఆ రెంటినీ మించింది దాని వాసన. బుట్ట కంటపడక ముందే ముక్కుకు తెలిసిపోతుంది. రైతుకు అంతకన్నా ఇష్టమైనది దాని ఓర్పు. ఏడాదికి రెండు కాపులిస్తుంది. మచ్చతెగులుకు లొంగదు. తినడానికీ, రసానికీ, జామ్‌కూ, వైన్‌కూ పనికొస్తుంది. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గౌరవం అందేసరికే తోటలు తరిగిపోతున్నాయి.

ఈ తీగ పుట్టిల్లు అమెరికా. అక్కడి అడవి ద్రాక్షకూ ఐరోపా ద్రాక్షకూ కలిగిన సంకరం ఇది. 1816లో విలియం ప్రిన్స్ అనే నర్సరీ యజమాని దీన్ని లోకానికి పరిచయం చేస్తూ, ఇసబెల్లా గిబ్స్ అనే గృహిణి పేరు పెట్టాడు. ఈ ఇసబెల్లా తీగ అట్లాంటిక్ దాటి ఫ్రాన్స్‌కూ చేరింది. దాని మొదటి పతనం అక్కడ జరిగింది.

దక్షిణ ఫ్రాన్స్‌లో సెవేన్ కొండలున్నాయి. నిట్టనిలువు వాలులు, పలకరాయి, పిడికెడు మట్టి. అక్కడి రైతులు తరతరాలుగా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, కొండను మెట్లు మెట్లుగా మలిచి సేద్యం చేశారు. గోధుమ పండని ఆ చోట చెస్ట్‌నట్ చెట్టే అన్నం పెట్టింది. కాయలను పొగలో ఆరబెట్టి ఏడాది పొడుగునా వండుకునేవారు. మేకపాలతో పెలార్దోన్ అనే చిన్న చీజ్ బిళ్లలు చేసేవారు. మల్బరీ పెంచి పట్టుపురుగులు సాకేవారు. మెట్టు అంచున ద్రాక్ష పందిరి వేసి ఇంటికి కావలసిన వైన్ తీసుకునేవారు. మల్బరీ, పట్టుగూళ్లు, ద్రాక్ష పందిరి అన్న మాటలు శిడ్లఘట్ట, చిక్కబళ్లాపూర్ రైతులకు కొత్తవి కావు. వేల మైళ్ల దూరాన ఆ కొండ రైతులదీ వీరి బతుకే.

పందొమ్మిదో శతాబ్దం నడిమిలో ఆ బతుకు మీద దెబ్బ మీద దెబ్బ పడింది. ముందు పట్టుపురుగుకు తెగులు సోకింది. 1865లో లూయీ పాశ్చర్ అక్కడి అలెస్ పట్టణానికి వచ్చి ఆ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అంతకు ముందే, 1863 ప్రాంతంలో, అలెస్ ఉన్న గార్ జిల్లాలోనే ద్రాక్ష తీగలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868లో మోంపెల్లియేకు చెందిన వృక్షశాస్త్రవేత్త ప్లాంషోన్ వేళ్లు తవ్వి చూస్తే, కంటికి సరిగా ఆననంత చిన్న పురుగు వేరు రసం పీలుస్తూ కనిపించింది. అదే ఫిలోక్సెరా. అమెరికా మొక్కలతో ఓడలెక్కి వచ్చింది. 1875లో 845 కోట్ల లీటర్ల వైన్ తీసిన ఫ్రాన్స్ 1889 నాటికి 234 కోట్ల లీటర్లకు పడిపోయింది.

ధనవంతుల తోటలు అమెరికా వేరు మీద ఐరోపా కొమ్మను అంటుకట్టి కోలుకున్నాయి. కొండ రైతు చేతిలో అంత పెట్టుబడి లేదు. అంటు అక్కర్లేని, మందు కొట్టనక్కర్లేని క్లింటన్, జాకే, ఇసబెల్లా వంటి తీగలు నాటుకున్నాడు. అవే అతని ఇంట మళ్లీ పీపా నింపాయి.

తర్వాత కాలం తిరగబడింది. దేశంలో వైన్ అవసరానికి మించి పేరుకుపోయింది, ధరలు కూలిపోయాయి. తగ్గించాలి, ఎవరిది? 1934 చివర ఫ్రాన్స్ చేసిన చట్టం ఆరు రకాలను వెలివేసింది. అందులో ఇసబెల్లా ఒకటి. ఆ వైన్ తాగితే పిచ్చెక్కుతుందన్న ప్రచారమూ సాగింది. గొప్ప తోటల మిగులుకు శిక్ష పేదవాడి పందిరి మీద పడింది. సెవేన్ వృద్ధులు కొందరు ఇంటి వెనక ఒకటి రెండు తీగలు దాచుకున్నారు. మిగిలినవి గొడ్డలికి ఎర అయ్యాయి.

బెంగళూరులో దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఇక్కడ అది కొత్త పేరుతో పచ్చగా బతికింది. 1988లో కన్వల్ గ్రోవర్ నంది కొండల దిగువన, దొడ్డబళ్లాపూర్ దగ్గర ఫ్రెంచి ద్రాక్షతో వైన్ తోట స్థాపించారు. షాంపేన్ నుంచి జార్జ్ వెసెల్, ఆ తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాన్ అనే వైన్ నిపుణులు వచ్చి మెలకువలు నేర్పారు. ఆ తోటల వల్ల ఈ మట్టికి పేరొచ్చింది, సంతోషమే. కానీ మంచి వైన్ అంటే కాబర్నే, షిరాజ్ వంటి ఫ్రెంచి రకాలదే అని స్థిరపడ్డాక బెంగళూరు బ్లూకు చౌక తీపి వైన్, రసం, జామ్ మిగిలాయి. తినే పండుగా దిల్‌ఖుష్, గింజలేని శరద్ రకాలు దాని చోటు ఆక్రమించాయి.

అసలు దెబ్బ నేల నుంచీ నీటి నుంచీ తగిలింది. నంది కొండల సీమ పెన్ననూ అర్కావతినీ కన్న తల్లి. నెల్లూరు దాకా పారే పెన్న పుట్టింటి దగ్గర చెరువులు ఎండి, వెయ్యి అడుగులు దాటిన బోర్లలోనూ నీరు అందని రోజులొచ్చాయి. 2008 మేలో దేవనహళ్లి విమానాశ్రయం తెరుచుకుంది. ఎకరాల్లో కొలిచిన నేలను చదరపు అడుగుల్లో కొలవడం మొదలైంది. ఏ కాపూ ఆ ధరతో పోటీ పడలేదు. తీగలు తెగాయి, కూసాలు పెరికారు, లేఅవుట్ల రాళ్లు పాతారు. 2020 లాక్‌డౌన్‌లో కోతకొచ్చిన గుత్తులను కొనేవారు లేక మిగిలిన రైతులూ విలవిల్లాడారు.

తెలుగువారికి ఈ కథ తెలుసు. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఇ-షాహీ తోటలు ఇలాగే కాలనీల కింద కలిసిపోయాయి. ఒక తరం తిన్న పండు వాళ్ల మనవలకు పేరుగా కూడా తెలియదు.

అయినా నేల మొత్తం చేజారలేదు. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబ్లిలో 13 గ్రామాల 1,777 ఎకరాలను ఏరోస్పేస్ పార్కుకు తీసుకుంటామంటే రైతులు మూడేళ్లకు పైగా ధర్నా చేశారు. 2025 జూలై 15న కర్ణాటక ప్రభుత్వం ఆ భూసేకరణను విరమించుకుంది. నేల నిలిస్తే తీగ నిలుస్తుందనడానికి ఇంతకన్నా ఆశ ఏముంటుంది?

ఈ తీగ ఏ తప్పూ చేయలేదు. రైతు నుంచి తక్కువ అడిగింది, ఎక్కువ ఇచ్చింది. చౌకగా దొరికిందనే ఒకచోట చట్టం, ఇంకొకచోట మార్కెట్ దాన్ని ముందుగా బలి పెట్టాయి. భౌగోళిక గుర్తింపు కాగితం ఒక్కటే దాన్ని కాపాడదు. కొనే చేతులు కావాలి, ఉద్యాన శాఖ నుంచి గిట్టుబాటు ధర కావాలి. కాపు కాలంలో బెంగళూరు వెళ్తే బండి దగ్గర ఆగి, గింజలున్న నల్లద్రాక్షనే అడగండి. గింజలున్నాయని వదిలేయకండి. పిల్లలకు దాని పేరు చెప్పి తినిపించండి.