పెన్నేరు అడుగున ఏముందో: మొదటి ఫిష్ ఫైండర్ కొనేవాళ్ళ కోసం కాస్త చరిత్ర

ఈ మధ్య మన హోసూరు, కృష్ణగిరి కుర్రాళ్ళలో కయాక్ మోజు పెరిగింది. గాలి నింపే పడవను కారు డిక్కీలో వేసుకుని ఆదివారం తెల్లారకముందే గాలం పట్టుకుని బయల్దేరేవాళ్ళు మన గుంపులోనే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళందరూ అడుగుతున్నది ఒకటే: మొదటి ఫిష్ ఫైండర్ ఏది కొనాలి? ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ పెట్టె ఎందుకు పుట్టిందో తెలిస్తే ప్రశ్నే మారిపోతుందని మాకు అనిపించింది. కాస్త పొడుగైన పోస్టు, ఓపిక పట్టండి.

నీటి లోతు తెలుసుకోవడానికి మనిషి దగ్గర వందల ఏళ్ళపాటు ఉన్నవి రెండే, గడకర్ర, తాడుకు కట్టిన సీసపు గుండు. పాత ఓడల వాళ్ళు ఆ గుండు కింద గుంటలో కొవ్వు పూసి దించేవారు. పైకి లాగితే కొవ్వుకు ఇసుక అంటుకుందా, బురద అంటుకుందా అన్నది తెలిసేది. అంటే వాళ్ళకు లోతు ఒక్కటే చాలలేదు, అడుగు ఎలాంటిదో కూడా కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, కొనేటప్పుడు పనికొస్తుంది.

1912లో టైటానిక్ మునిగింది. నీళ్ళలో శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో మంచుకొండల్ని ముందే పసిగట్టవచ్చా అని ఆ తర్వాత చాలామంది తలలు బద్దలు కొట్టుకున్నారు. జర్మనీలో అలెగ్జాండర్ బెమ్ 1913లో పేటెంటు తీసుకున్నాడు. 1914 ఏప్రిల్‌లో రెజినాల్డ్ ఫెసెండెన్ 'మయామి' అనే ఓడ మీద నుంచి మంచుకొండ ప్రతిధ్వని పట్టాడు, దాంతోపాటే సముద్రపు అడుగు ప్రతిధ్వని కూడా వినపడింది. తర్వాత యుద్ధాలొచ్చి ఈ విద్య జలాంతర్గాముల వేటకు పోయింది. చేపల సంగతి మధ్యలో ఊడిపడింది. లోతు గీసే కాగితం మీద అడుగుకు పైన ఏవో మరకలు పడుతుంటే అవేమిటా అని చూశారు. నార్వేలో ఆస్కార్ సుండ్ అనే శాస్త్రవేత్త లోఫోటెన్ దగ్గర కాడ్ చేపల గుంపు గీతల్ని 1935లో 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు.

వీటిని జాలర్ల చేతికి తెచ్చింది నాగసాకి ప్రాంతపు ఫురునో అన్నదమ్ములు, 1948లో. అప్పటికే అనుభవమున్న పడవ పెద్దలు మొదట నమ్మలేదట. నమ్మరు మరి. నీటి రంగు, పక్షి వాలిన చోటు చూసి వల వేసే మనిషికి ఒక పెట్టె వచ్చి పాఠం చెబితే ఒళ్ళు మండదా? తర్వాత వలలు నిండడం చూసి వాళ్ళే కొన్నారు. సరదాగా గాలం వేసేవాళ్ళ కోసం చేత్తో మోసుకుపోగల పెట్టెను అమెరికాలో లోరెన్స్ కుటుంబం 1957లో తెచ్చింది. ట్రాన్సిస్టర్ లేకపోతే అది అంత చిన్నదయ్యేది కాదు.

మన కృష్ణగిరి డ్యాము కూడా ఇంచుమించు ఆ రోజులదే. కామరాజర్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1950ల చివర్లో పెన్నేటి మీద లేచింది. తమిళంలో తెన్‌పెణ్ణై అనే దక్షిణ పినాకినే మన పెన్నేరు. దాని నిండు మట్టం 52 అడుగులు. పైన హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాముది 44.28 అడుగులు. అసలు విషయం ఈ అంకెల్లోనే ఉంది. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. 52 అడుగులంటే 16 మీటర్లు, వెళ్ళి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. వెయ్యి అడుగుల లోతుకు శక్తి ఉందని పెట్టె మీద రాసినదానికి మనం డబ్బులు పోయడం ఎందుకు?

మనం చూడాల్సింది శబ్దం ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందన్నది. ఆ శబ్దం గరాటు బోర్లించినట్టు కిందికి విచ్చుకుంటుంది. 20 డిగ్రీల గరాటు 10 అడుగుల లోతులో కేవలం మూడున్నర అడుగుల వెడల్పే చూపిస్తుంది. 60 డిగ్రీలదైతే అదే లోతులో పదకొండున్నర అడుగులు. ఒడ్డు పక్కన తిరిగే మన కయాక్‌లకు వెడల్పుదే మేలు.

ఇక చాలామందికి తెలియని సంగతి. ఆ యంత్రం చూసేది ముఖ్యంగా చేపను కాదు, చేప పొట్టలోని గాలితిత్తిని. నీటికి, చేప కండకు పెద్ద తేడా లేదు, ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం ఆ గాలిదే. అందుకే నీళ్ళలో బుడగలు ఉన్నచోట తెరంతా చెత్తే. బెంగళూరు మురుగు కలిసి కెలవరపల్లి దగ్గర నురుగు కొండల్లా లేచే రోజుల్లో యంత్రం ఆన్ చేసి లాభం లేదు. అయినా ఆ రోజు పట్టిన చేప తినేదెవరు? గాలి పడవవాళ్ళు ఇంకొకటి గమనించాలి. శబ్దం పంపే ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ లోపల అంటించి పని చేయించడం గట్టి ప్లాస్టిక్ కయాక్‌లోనే కుదురుతుంది. గాలి సంచిలోంచి శబ్దం పోదు, కాబట్టి కడ్డీకి బిగించి నీళ్ళలోకి దించాలి.

బొచ్చె పైన తిరుగుతుంది, రోహు నడిమి నీళ్ళలో ఉంటుంది, ఇవి తెర మీద కనిపిస్తాయి. మృగాల్ అడుగుకు అంటుకుని మేస్తుంది, దాని గీత అడుగు గీతలో కలిసిపోతుంది. కొరమీనుకు యంత్రమే దండగ. అది గడ్డిలో, మోకాలు లోతులో ఉండి గాలి పీల్చడానికి పైకి వస్తుంది, కళ్ళు చాలు.

కాబట్టి మా మాట: చేప బొమ్మలు చూపించే ఆప్షన్ ఆపేయండి, అడుగు గీతను చదవడం నేర్చుకోండి. మందంగా, ముదురుగా వస్తే బండ, పలచగా వస్తే బురద. సీసపు గుండుకు కొవ్వు చేసిన పనే ఇది. ఎండలో కనిపించే అయిదు అంగుళాల తెర, వెడల్పు గరాటు, లోతుల పటం తానే గీసుకునే జీపీఎస్, ఈ మూడూ ఉంటే మొదటిదానికి చాలు. పక్కలకు చూసే సైడ్ ఇమేజింగ్ ఇప్పుడే వద్దు, పడవ తిన్నగా, ఒకే వేగంతో పోతేనే ఆ బొమ్మ తిన్నగా వస్తుంది. యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోలు దాటుతుంది, లిథియంది అందులో సగం కూడా ఉండదు. డబ్బు మిగిలితే లైఫ్ జాకెట్‌కు పెట్టండి.

జీపీఎస్ పటం ఎందుకంటే, మన డ్యాముల అడుగున పాత ఏరు ఇంకా ఉంది. నీళ్ళు నిండినప్పుడు తెలియదు. ఎండాకాలం మట్టం పడేకొద్దీ చేపలన్నీ ఆ పాత కాలువలోకి దిగుతాయి. 2017 నవంబరులో కృష్ణగిరి డ్యాము షట్టరు విరిగి నీళ్ళు వృథాగా పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు మిగిలిన మడుగే చేపకూ, దాని మీద బతికేవాళ్ళకూ దిక్కు. పరిసల్ మీద వల వేసే కుటుంబాలకు ఆ పాత ఏటి దారి యంత్రం లేకుండానే తెలుసు. మనకు ఆదివారం సరదా, వాళ్ళకు సోమవారం కూడు. మట్టం తగ్గిన నెలల్లో ఆ కాలువ మీద యంత్రంతో తిరగడం న్యాయం కాదని మా అభిప్రాయం. కాదనేవాళ్ళు కామెంట్లలో చెప్పండి, మాట్లాడుకుందాం. దిగేముందు మత్స్యశాఖ వాళ్ళనూ, అక్కడి జాలర్ల సంఘాన్నీ అడగండి. వల తేలిక బెండ్లు కనిపిస్తే దూరంగా పొండి.

కెలవరపల్లిలో లోతులు నమోదు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పటం మాకు చూపించండి. పాత ఏరు అక్కడ ఏ గట్టు వైపు తిరిగిందన్నదాని మీద మాలోనే రెండు మాటలున్నాయి.