ఈతకోటలో కోట ఎక్కడ?

రావులపాలెంలో బస్సు కోసం నిలబడితే ఊళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి: ఊబలంక, ఈతకోట, పొడగట్లపల్లి. చిన్నప్పట్నుంచీ చదువుతున్నవే. అందులో చరిత్ర ఉంటుందని మాత్రం కెల్టుల గురించి చదివాకే తట్టింది.

యూరప్‌లో కెల్టుల జాడ వెతికేవాళ్లు రెండు మ్యాపులు గీస్తారు. ఒకటి తవ్వకాల్లో దొరికిన కత్తులు, నగలు, సమాధులది. రెండోది ఊరిపేర్లది. ‘డూనమ్’ అంటే కోట. ఫ్రాన్స్‌లోని లియాన్ ఒకప్పుడు లుగ్డూనమ్. చిక్కేమిటంటే, రెండు మ్యాపులూ పూర్తిగా కలవవు. స్పెయిన్‌లో కెల్టిక్ పేర్లు బోలెడు, లా టెన్ శైలి వస్తువులు తక్కువ.

మన దగ్గరా ఇంతే. లంక అంటే నది మధ్య మేట. గోదావరి పాయ పక్కకి జరిగినా ఆ పేరు జరగదు. నీళ్లు లేని చోట నీళ్లకి సాక్ష్యం చెబుతుంది. ఆదుర్రు అన్న పేరు వింటే బౌద్ధం గుర్తుకు రాదు. కానీ మామిడికుదురు మండలంలోని ఆ ఊళ్లో ఇటుకల స్తూపం బయటపడింది. అక్కడ పేరు చెప్పనిది ఇటుక చెప్పింది. ఈతకోట పేరులో కోట ఉంది. అంతమాత్రాన నేలలో ఉన్నట్టు కాదు. ఎక్కడ వెతకాలో పేరు చెబుతుంది, అంతే.

బోర్డులకెక్కని పేర్లు ఇంకా ఉన్నాయి: పొలాలవి, రేవులవి, దిబ్బలవి. దిబ్బ చదునై లేఔటయితే ఇటుకా పోతుంది, పేరూ పోతుంది. మా తాతయ్య చెప్పిన పొలాల పేర్లలో నాకు గుర్తున్నవి నాలుగే. మిగతావి రాసుకోలేదు.