సవర బడి నుంచి మొదలైన సంగతి

కొందరు పిల్లలకు చూస్తే వస్తుంది, కొందరికి వింటే, మరికొందరికి చేత్తో చేస్తే. టీచర్ల శిక్షణల్లో తరచూ వినిపించే ఈ మాటకు వయసు తక్కువే. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ నేర్చుకునే తీరును ఇలా రకాలుగా విడదీసే తమ 'వార్క్' నమూనాను 1992లో ప్రచురించారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. పిల్లలకు ఇష్టాయిష్టాలు ఉన్నమాట నిజమే కానీ, రకాన్ని బట్టి పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి చాలినంత రుజువు లేదని తేల్చారు.

మరి పిల్లవాణ్ణి బట్టి పాఠం ఉండాలన్న ఆలోచనే తప్పా? కాదు. దాని జాడ పర్లాకిమిడిలో దొరుకుతుంది.

వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మాట ఆయన్ను పట్టుకుంది. ముండా కుటుంబానికి చెందిన ఆ భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని, విని, పలికి, రాసుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. అందుకు మింగిన క్వినైన్ వినికిడిని దెబ్బతీసింది. అయినా ఆగలేదు. సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో ఒక బడి నడపమన్నారు.

తర్వాత పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్, తెలుగు పిల్లలకు తెలుగు పాఠం ఎందుకంత కష్టమవుతోందని ఆరా తీసినప్పుడు గిడుగు చూపు మైదానం బడుల మీదికి మళ్లింది. ఇంట్లో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో గ్రాంథికం మరొకటి. మాట్లాడే తెలుగులోనే రాయాలన్న వ్యావహారిక భాషోద్యమం పుట్టింది ఈ తరగతి గది చిక్కులోంచే.

శ్రీకాకుళం జిల్లా మందస కొండల బడికి మైదానం నుంచి వెళ్లే టీచరుకు నేటికీ పనికొచ్చే ప్రశ్న ఇదే: ఈ పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది, ఏమేం తెలుసుకుని బడికొచ్చింది?

గిడుగు సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టింది మాత్రం 2004లో. ఎంచుకున్న 8 భాషల్లో సవర ఒకటి.